గుండెల దగ్గర ఇన్సులిన్

ఫిబ్రవరి నెల, ఇంకా రెండో పీరియడు గంట కొట్టలేదు. తాష్-బులాక్ బడి వరండాలో తలాయ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వ్యాయామం మాస్టరు పరుగెత్తడం వింతేమీ కాదు. కానీ బూట్లకంటిన మంచు నేలంతా చల్లుకుంటూ, చేతిలోని కాగితాన్ని జెండాలా ఊపుకుంటూ, "మనల్నీ పిలిచారు! ఈసారి మనల్నీ పిలిచారు!" అని కేకలు పెట్టుకుంటూ రావడం మాత్రం ఎవరూ చూడలేదు. తరగతుల తలుపులన్నీ తెరుచుకున్నాయి. జిల్లా పట్నం నరీన్‌లో స్కీ పందెం. పది బడులు, బడికి ముగ్గురు ఆడపిల్లలు, మంచు మీద మూడు కిలోమీటర్లు. ఆరేళ్ళుగా అడుగుతుంటే ఇప్పటికి పిలుపు వచ్చింది.

వరండా చివర మందుల గదిలో సైరకాన్ మాత్రం తల తిప్పలేదు. మూడో తరగతి ఎమిల్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. బయటి గోలకి వాడి కాళ్ళు నిలవడం లేదు.

"నీ పేరు?"

"రోజూ చూస్తావు కదక్కా!"

"చూస్తాను. పేరు చెప్పు."

"ఎమిల్."

"ఎవరి కొడుకువి?"

"ఎర్మెక్ కొడుకుని. అక్కా, తొందరగా, అందరూ వెళ్ళిపోతున్నారు!"

ఆమె పెట్టె మీద అతికించిన ఫొటో చూసింది, వాడి మొహం చూసింది. పెట్టె మీది పేరు, డాక్టరు రాసిన కాగితం మీది పేరు కలిపి చదివింది. మాత్ర ఎంత, ఏ వేళకి అన్నది వేలు పెట్టి చూసుకుంది. వాడు మింగాక నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసింది. గడియారం చూసి పుస్తకంలో రాసి, సంతకం పెట్టి, బీరువాకి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంది. అప్పుడు గాని, "పద, ఏమిటా గోల?" అని వాడికంటే ముందు తనే వరండాలోకి దూకలేదు.

ఆమెకి నలభై తొమ్మిదేళ్ళు. గొర్రెల కాపరి ఇంట్లో, వేసవి మేత కొండల మీద గుడారంలో పుట్టింది. నర్సు చదువు చదివి పదకొండేళ్ళు ప్రసూతి వార్డులో పనిచేసి, ఈ బడికి వచ్చింది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. నవ్వితే పక్క గదిలో లెక్కల క్లాసు ఆగిపోతుంది.

ఆ ప్రశ్నలు ఆమెకి పుట్టుకతో రాలేదు. ఆరేళ్ళ కిందట ఈ బడిలో ఇద్దరు అదిలెత్‌లు ఉండేవారు. ఒకడికి మూర్ఛ మాత్ర, ఇంకొకడికి దురద మాత్ర. ఒక శుక్రవారం పొద్దున పిల్లల గుంపు మీదపడి ఉండగా, "అదిలెత్, రా" అని పిలిచింది. వచ్చినవాడికి మూర్ఛ మాత్ర ఇచ్చేసింది. వచ్చినవాడు రెండో అదిలెత్. పది నిమిషాల తర్వాత అసలువాడు వచ్చి నిలబడేసరికి ఆమెకి తప్పు తెలిసింది. వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది, బడి డైరెక్టరుకి చెప్పింది, పిల్లవాణ్ణి పక్కన పడుకోబెట్టుకుని మూడు గంటలు వాడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. వాడు హాయిగా నిద్రపోయి లేచి ఆకలన్నాడు. ఆమె మాత్రం వాడి వెంటే ఇంటికి నడిచింది. తండ్రి గుర్రాన్ని శాలలో కడుతుండగా, తను ఏం చేసిందో ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పింది. ఆయన గుర్రం మెడ నిమురుతూ, "నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు" అన్నాడు. "నాకు తెలుస్తుంది కదన్నా" అంది ఆమె. మరునాటి నుంచీ ఫొటోలు, ప్రశ్నలు, పుస్తకం.

అంతటి మనిషి ఇప్పుడు వరండాలో పిల్లల మధ్య నిలబడి తలాయ్ చేతిలో కాగితం లాక్కుని చదువుతోంది.

"ఎవరెవర్ని తీసుకెళ్తున్నావు తమ్ముడూ?"

"ఐదాయ్, చోల్పోన్," అని తలాయ్ వేళ్ళు ముడిచి, మూడో వేలు దగ్గర ఆగాడు. "మూడోది ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి చూశారు. బడి వెనక వాలు మీద ఒక పిల్ల స్కీల మీద జారుకుంటూ వస్తోంది. ఒళ్ళు కదులుతున్నట్టే లేదు, కొండే కిందికి కదులుతున్నట్టుంది. పదమూడేళ్ళ సెజిమ్. ఆమెకి తొమ్మిదో ఏట చక్కెర జబ్బు వచ్చింది. రోజుకి నాలుగు ఇన్సులిన్ ఇంజెక్షన్లు. వాటిలో మధ్యాహ్నంది సైరకాన్ కళ్ళ ముందు తనే పొడుచుకుంటుంది.

డైరెక్టర్ ఇషెన్‌బాయ్ మంచివాడే గాని, భయం ఎక్కువ. పేరు వినగానే రెండు చేతులూ ఎత్తేశాడు.

"వద్దమ్మా. ఆ పిల్లకి ఏదన్నా అయితే? బడికి తాళం పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కరువా?"

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇంత వేగంగా పోయేవాళ్ళు కరువు" అన్నాడు తలాయ్.

"నువ్వు మాట్లాడకు. పోయినేడు పిల్లాడికి కడుపునొప్పంటే నీ జేబులోంచి ఏదో మాత్ర తీసిచ్చావు."

సైరకాన్ బల్ల మీద చెయ్యి ఆనించి ముందుకు వంగింది.

"డైరెక్టర్ గారూ, డాక్టరు కాగితం తెస్తాను. ఎంత చక్కెర ఉంటే పరుగెత్తాలి, ఎంతకి ఆగాలి, పడిపోతే ఏం చెయ్యాలి, అన్నీ రాసి, సంతకం, ముద్రతో తెస్తాను. తల్లి సంతకం కూడా తెస్తాను. పందెం రోజు నేను వెంట ఉంటాను. కాగితం రాకపోతే పిల్ల వెళ్ళదు, మీ మాటే నెగ్గుతుంది. వస్తే?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు. "వస్తే చూద్దాం."

"చూద్దాం కాదు. వస్తే వెళ్తుంది."

"సరే తల్లీ, వస్తే వెళ్తుంది! నా చెవులు వదులు!"

కాగితం తేవడం తేలికే అయింది. డాక్టరు పిల్లని చూసి, ఒక పేజీ నిండా రాసిచ్చాడు. తల్లి సంతకమే కష్టమైంది. జేయ్‌నెప్ ఆవులు పితికి పాలు అమ్ముతుంది. కూతురి జబ్బు బయటపడిన రోజు ఆసుపత్రి నేల మీద కూలబడ్డ మనిషి. ఆ భయం ఇంకా ఆమెని వదల్లేదు.

"ఇంటి ముందు పరుగెత్తితే నేను చూస్తూ ఉంటాను. అంత దూరంలో ఎవరు చూస్తారక్కా?" అంది టీలో పాలు పోస్తూ.

"నేను."

"నీ రెండు కళ్ళు చాలవు."

"రెండో జత కళ్ళు దానికే ఉన్నాయి" అని సైరకాన్ పిల్ల వైపు తిరిగింది. "చెప్పవే. చక్కెర పడిపోతుంటే నీకు ఎలా తెలుస్తుంది?"

సెజిమ్ నోట్లో ముద్ద తొందరగా మింగింది. "ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి. తర్వాత మోకాళ్ళు వణుకుతాయి. అందరి మీదా కోపం వస్తుంది."

"అప్పుడు?"

"ఎక్కడున్నా ఆగిపోవాలి. మూడు చక్కెర బిళ్ళలు నమలాలి. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్ళీ చూసుకోవాలి."

"పందెంలో ముందున్నావనుకో. ఇంక వంద అడుగులే ఉందనుకో."

పిల్ల చూపు దించుకుంది. అబద్ధం చెప్పడం రాని వయసు. "ఆగ… ఆగుతాను."

"నత్తి లేకుండా చెప్పు."

"ఆగుతాను!"

జేయ్‌నెప్ కూతురి మొహం చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని కలం అడిగింది. సంతకం పెట్టి, ఆనక లోపలికెళ్ళి మందులన్నీ ఒక జామ్ సీసాలో వేసి పట్టుకొచ్చింది. సైరకాన్ సీసాని వెనక్కి తోసింది.

"దీని మీద పేరేది? తారీఖేది? అసలు పెట్టెల్లోనే ఇవ్వు. పెట్టె లేని మందు నా చేత్తో ముట్టుకోను."

"నా కూతురిదని నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నేను మంచులో జారి పడ్డాననుకో, నా సంచీ తెరిచేవాడికి తెలియాలిగా!"

జేయ్‌నెప్ నవ్వేసింది. ఆ వారంలో అదే మొదటిసారి.

పందెం రోజు పొద్దున చలి సున్నాకి ఇరవై ఒక్క డిగ్రీల కిందికి దిగింది. వ్యాను కిటికీలకి లోపలి వైపు కూడా మంచు పువ్వులు పూశాయి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, కరిగించినా పారెయ్యాల్సిందే. ఎక్కువ వేడైనా పాడవుతుంది. అందుకని సైరకాన్ గుడ్డతో చిన్న సంచీ కుట్టి, రెండు ఇన్సులిన్ పెన్నులు అందులో పెట్టి మెడకి వేలాడదీసుకుంది. ఒంటికి తగలకుండా, లోపలి స్వెట్టరుకీ పై స్వెట్టరుకీ మధ్య, సరిగ్గా గుండెల మీద. పైన గొర్రె తోలు కోటు. కోటు లోపలి జేబులో చక్కెర చూసే మీటరు, ఇంకో జేబులో రెండో మీటరు, చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తే వాడే ఇంజెక్షను. చక్కెర బిళ్ళలు మాత్రం సెజిమ్ జేబులోనే, ఆమె చేతికి అందేచోట.

"నువ్వు ఇవాళ మనిషివి కాదక్కా, నడిచే మందుల షాపువి" అన్నాడు తలాయ్.

దారి పొడవునా పిల్లలు పాటలు పాడుతూనే ఉన్నారు. కొండ మలుపు దగ్గర ఐదాయ్ పాట ఆపి నుదురు పట్టుకుంది. తల పగిలిపోతోందంది. తలాయ్ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, ఒక తెల్ల మాత్రతో బయటికొచ్చింది.

"ఏమిటది?" అంది సైరకాన్.

"తలనొప్పి మాత్ర."

"పేరు?"

తలాయ్ మాత్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తెల్లది."

వ్యానంతా గొల్లుమంది. డ్రైవరు కూడా స్టీరింగు మీద తల వాల్చి నవ్వాడు. సైరకాన్ అరచెయ్యి చాపింది. జేబులో ఉన్నవన్నీ, రెండు తెల్లవీ, ఒక పసుపుదీ, అందులో పడేదాకా చెయ్యి తీయలేదు. తర్వాత ఐదాయ్ వైపు తిరిగింది. "పొద్దున ఏం తిన్నావే?"

"సంతోషంలో ఏమీ తినలేదు."

నూనెలో వేయించిన పిండి బూరెల్లాంటి బోర్సోక్‌లు రెండు, వెన్న, ఫ్లాస్కులోంచి వేడి టీ. పావుగంటకల్లా ఐదాయ్ మళ్ళీ అందరికంటే గట్టిగా పాడుతోంది. తలాయ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా దగ్గర బోర్సోక్ ఉంటే నేనూ డాక్టర్నే" అని గొణిగాడు.

నరీన్ బయట మైదానం జాతరలా ఉంది. గుర్రాలు, వ్యాన్లు, రంగురంగుల టోపీలు, టీ కాచే సమోవార్ల పొగ. అర నిమిషానికి ఒకరు చొప్పున బయలుదేరాలి. కొండ చుట్టూ ఒకటిన్నర కిలోమీటరు దారి, రెండు చుట్లు. బడి తరఫున ముగ్గురూ గీత దాటితేనే ఆ బడి లెక్కలోకి వస్తుంది. ఒక్కరు ఆగిపోయినా బడి మొత్తం ఆగిపోయినట్టే. సెజిమ్ నంబరు ఇరవై ఏడు.

నంబర్లు ఇచ్చేచోట నక్క తోలు టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి డాక్టరమ్మ పిల్లల గుండె చూసి పంపిస్తోంది. సెజిమ్ కాగితం చూసి స్టెతస్కోపు దించేసింది.

"చక్కెర జబ్బున్న పిల్లా? మూడు కిలోమీటర్లా? ఈ చలిలోనా? తీసుకుపోండి. నా మెడకి చుట్టకండి."

"ముందు చదవండి డాక్టర్‌గారూ" అని సైరకాన్ పేజీ ముందుకు పెట్టింది.

"చదవక్కర్లేదు."

"నేను తెల్లవారకముందే లేచి మిమ్మల్ని చదివించడానికే వచ్చాను. చదవాల్సిందే!"

చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు. డాక్టరమ్మ కళ్ళు చిట్లించి చదవడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చేసరికి నొసలు విప్పారింది. "పొద్దున ఇన్సులిన్ తగ్గించి ఇచ్చారా?"

"కాగితంలో ఉన్నంతే. ఏడు గంటల పది నిమిషాలకి. ఇదిగో, రాసుంది, తల్లి సంతకం."

"ఇప్పుడు ఎంత ఉంది?"

సైరకాన్ రెండో మీటరు తీసింది. చలికి అది మొండికేసింది. తెర మీద అంకె రాలేదు, తప్పు గుర్తు వచ్చింది. ఇంకోసారి చూసింది, మళ్ళీ అదే. మైకులో పిలుస్తున్నారు: ఇరవై ఒకటి!

"చూశారా?" అంది డాక్టరమ్మ. "అంకె లేకుండా నేను పంపను."

"నేను మాత్రం పంపుతానా?" అంటూ సైరకాన్ లోపలి జేబులోని మొదటి మీటరు తీసి, బొత్తాం విప్పి చంకలో ఇరికించుకుంది. రక్తపు చుక్క వేసే పట్టీల డబ్బా కూడా అక్కడే. సెజిమ్ వేళ్ళు మంచుకి కొయ్యముక్కల్లా ఉన్నాయి, పొడిస్తే చుక్క రాదు. ఆ వేళ్ళని టీ గ్లాసు చుట్టూ పెట్టించి, పైనుంచి తన చేతులు మూసింది. ఇరవై రెండు! తలాయ్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఇరవై మూడు! "అక్కా…" "నోరుమూసుకో!" ఇరవై నాలుగు! ఆమె పెదాలు కదుపుతూ లోపల్లోపల అంకెలు లెక్కపెట్టుకుంటోంది. తక్కువసేపు వేడెక్కిస్తే మళ్ళీ మొండికేస్తుంది, ఎక్కువసేపైతే నంబరు దాటిపోతుంది. ఇరవై ఐదు!

తీసింది. పొడిచింది. ఎర్రటి చుక్క వచ్చింది. ఐదు క్షణాలు నలుగురు మనుషులు ఊపిరి తీయలేదు.

ఆరు పాయింట్ మూడు.

"ఏడు ఉండాలని రాసుంది" అంది డాక్టరమ్మ.

"కింద గీత చదవండి!"

డాక్టరమ్మ వేలు కిందికి జారింది. ఈసారి ఆమె గొంతులో కూడా తొందర వచ్చేసింది. "ఐదుకీ ఏడుకీ మధ్య ఉంటే… రెండు చక్కెర బిళ్ళలు తిని బయలుదేరవచ్చు. తినవే పిల్లా, తిను తిను!"

సెజిమ్ రెండు బిళ్ళలూ కరకర నమిలింది. ఇరవై ఏడు! పిల్ల గీత దగ్గరికి దూసుకుపోయింది. కర్రలు మంచులో గుచ్చుకున్నాయి, జెండా కిందికి పడింది, వెళ్ళిపోయింది.

మొదటి చుట్టు చూడాలి! ఎదుటివాళ్ళు మంచుని తన్నుతుంటే, సెజిమ్ దాన్ని బుజ్జగిస్తున్నట్టు పోయింది. ఇరవై ఆరుని దాటింది. ఇరవై ఐదుని దాటింది. సైరకాన్ ముందు నుంచి గాలిలా పోతూ చెయ్యి ఎత్తింది. బాగున్నానని గుర్తు. తలాయ్ గడియారం చూసి, పక్కనున్న పరాయి బడి మాస్టరుని కౌగిలించుకున్నాడు.

"మూడో వేగం అక్కా! మొత్తం మీద మూడో వేగం!"

సైరకాన్ కూడా ఎగిరింది. రెండు చేతులూ పైకెత్తి ఎగిరింది. కిందికి దిగేసరికి గుండెల మీది సంచీ గుర్తొచ్చి, గబుక్కున చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది.

రెండో చుట్టులో, ఫర్ చెట్ల వాలు మీద, సెజిమ్ ఎర్ర టోపీ ఆగిపోయింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. సెజిమ్ దారి పక్కకి జరిగి, స్కీలు విప్పి, మంచులో కూర్చుంది. ఇంక ఆరువందల మీటర్లే ఉంది. ఇందాక దాటిన ఇద్దరూ ఆమెని దాటిపోయారు.

"లే!" అని అరిచాడు తలాయ్. "లేవ్వే! ఏమైంది? లే!" జనం కూడా అందుకున్నారు. కొండంతా "లే! లే!" అని మారుమోగింది.

సైరకాన్ చూస్తున్నది ఒక్కటే, ఆ పిల్ల కుడి చెయ్యి. ఆ చెయ్యి జేబులోకి పోయింది. బయటికొచ్చింది. నోటి దగ్గరికి వెళ్ళింది.

"తింటోంది!" సైరకాన్ గొంతు కొండని చీల్చింది. "అరవకండర్రా! పిల్ల తింటోంది! శభాష్! తిను తల్లీ, తిను!"

అప్పటికే ఆమె పరుగెత్తుతోంది. మోకాలి లోతు మంచు, కాళ్ళకి ఉన్ని బూట్లు, నలభై తొమ్మిదేళ్ళ ఒళ్ళు. పడింది, లేచింది, మళ్ళీ పడింది. సంచీ తగలకుండా ప్రతిసారీ వీపు మీదే పడింది. దారి కాపలా ఉన్నాయన అడ్డం వచ్చాడు.

"అమ్మా, బయటివాళ్ళు ముట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు!"

"తీసేసుకోండి! పందెం మళ్ళీ వస్తుంది!"

"ఆగండి!" వెనక నుంచి నక్క తోలు టోపీ రొప్పుకుంటూ వచ్చింది. "నేను పందెం డాక్టర్ని. నేను చూస్తే పరీక్ష, సాయం కాదు. నియమాల్లోనే ఉంది. మీటరు ఇలా ఇవ్వండి. మీరు చెప్పండి, నేను చేస్తాను."

మూడు పాయింట్ ఆరు. నాలుగు కిందికి పడింది, ఆగాల్సిందే.

సెజిమ్ పెదాలు తెల్లగా ఉన్నాయి. కళ్ళనిండా కోపం. "అక్కా, వాళ్ళంతా లే లే అని అరుస్తున్నారు. నాకు అందర్నీ కొట్టాలనిపించింది."

"అదే గుర్తు తల్లీ. ఎన్ని తిన్నావు?"

"మూడు."

"పెదాలు తిమ్మిరెక్కగానే ఆగావా?"

"వెంటనే కాదు. మూడు చెట్లు దాటాక" అని పిల్ల మొహం దించుకుంది. "నత్తి వచ్చింది."

సైరకాన్‌కి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కోటు విప్పి డాక్టరమ్మ చేతికిస్తే, ఆమె పిల్ల మీద కప్పింది. పదిహేను నిమిషాలు. చివరి పిల్ల కూడా వాళ్ళ ముందు నుంచి పోయింది. దారి ఖాళీ అయింది. చలికి సైరకాన్ పళ్ళు టకటకమంటున్నాయి. గడియారం మీంచి చూపు తిప్పలేదు. కింద మైకు ఆగిపోయింది. జనం ఇళ్ళకి పోతారనుకుంటే, ఒక్కరూ కదల్లేదు. ఏం జరుగుతోందో నోటా నోటా పాకినట్టుంది.

రెండోసారి చూసేసరికి ఐదు పాయింట్ ఎనిమిది.

"ఒక బోర్సోక్ తిననియ్యండి" అంది సైరకాన్.

పిల్ల తినేసి డాక్టరమ్మ మొహంలోకి చూసింది. "నేను పూర్తి చెయ్యొచ్చా? నేను ఆగిపోతే ఐదాయ్, చోల్పోన్‌ల పరుగు కూడా పోతుంది."

డాక్టరమ్మ సైరకాన్ వైపు చూసింది. సైరకాన్ వెంటనే తల ఊపలేదు. పిల్లని లేచి నిలబడమంది. చేతులు చాపమంది, వణుకు లేదు. ఇవాళ వారమేమిటని అడిగింది. వందలోంచి ఏడేసి తీసేసుకుంటూ రమ్మంది.

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది… అక్కా, ఇది పందెమా, లెక్కల పరీక్షా?"

"కోపం పోయింది, వేళాకోళం వచ్చింది. ఇక పర్లేదు డాక్టర్‌గారూ."

"పరుగు వద్దు, నడకలా పో" అంది డాక్టరమ్మ. "నేను పక్కనే వస్తాను."

ఎర్ర టోపీ చెట్లలోంచి బయటపడగానే మైదానం లేచి నిలబడింది. పది బడుల పిల్లలు దారికి రెండు వైపులా బారు తీరారు. గుర్రాల మీదున్నవాళ్ళు టోపీలు ఊపారు. "సెజిమ్! సెజిమ్!" ఎవరు మొదలుపెట్టారో తెలియదు, ఆ పేరు కొండ తాకి తిరిగొచ్చింది. పిల్ల నెమ్మదిగా జారుకుంటూ, సిగ్గుపడుతూ, నవ్వాపుకోలేక వస్తోంది. ఒక పక్క నక్క తోలు టోపీ, వెనక కోటు లేకుండా స్వెట్టర్లతో సైరకాన్. గీత దాటింది. ఐదాయ్, చోల్పోన్ ఆమె మీద పడ్డారు, ముగ్గురూ మంచులో దొర్లారు. తలాయ్ దూరంగా పోయి గుర్రం వెనక నిలబడి మొహం తుడుచుకుని వచ్చాడు.

ఐదాయ్‌ది రెండో స్థానం, చోల్పోన్‌ది నాలుగు, సెజిమ్‌ది ముప్ఫై. మొత్తం కలిపితే పది బడుల్లో తాష్-బులాక్‌ది ఐదోది. మొదటిసారి వచ్చి ఐదోది! తలాయ్ అయిదు వేళ్ళూ అందరికీ చూపించుకుంటూ మైదానమంతా తిరిగాడు.

సైరకాన్ ముందుగా చేసిన పని ఫోన్. ఐదో స్థానం సంగతి తర్వాత, జేయ్‌నెప్‌కి ముందు అంకె చెప్పింది. "పదకొండు గంటల మూడు నిమిషాలకి మూడు పాయింట్ ఆరుకి పడింది. ఇప్పుడు బాగుంది. పక్కనే నిలబడి బోర్సోక్ తింటోంది."

"ముందు ఎవరు చూశారు?" అంది జేయ్‌నెప్.

"అదే."

"అదే ఆగిందా? పందెం మధ్యలోనా? ఎవరూ చెప్పకుండానా?"

"మైదానమంతా లెమ్మని అరుస్తుంటే కూర్చుంది."

జేయ్‌నెప్ ఏడుస్తోందో నవ్వుతోందో ఫోన్‌లో తేలలేదు. "నాలుగేళ్ళు దానికి కాపలా ఉన్నానక్కా" అంది. "ఇవాళ రాత్రి హాయిగా పడుకుంటాను."

వ్యాను ఎక్కుతుంటే డాక్టరమ్మ వచ్చి ఆ కాగితం ఫొటో తీసుకుంది. పై పేరు కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి మరీ తీసింది. వచ్చే పందేనికి అన్ని బడులకీ ఇలాంటిది ముందే పంపిస్తానంది. "మీరు ఇందాక నా మీద అరిచారు" అంది చివర్లో. "అరిచాను" అంది సైరకాన్. "మళ్ళీ రండి" అంది డాక్టరమ్మ.

మరునాడు పొద్దున మందుల గది ముందు చిన్న గుంపు. ముప్ఫయ్యో స్థానం వచ్చినా ఊరంతా పేరు మారుమోగుతుందని తెలిశాక, స్కీ జట్టులో చేరతామని పదకొండుమంది వచ్చారు. తలాయ్ గుమ్మంలో కూర్చుని అందరి పాదాలూ జానెడు కర్రతో కొలుస్తున్నాడు. గుంపు తగ్గేదాకా ఒక పిల్ల గోడకి అతుక్కుని నిలబడింది. ఆరో తరగతి తాట్టిగుల్. పరుగు పోటీ అంటే ఎప్పుడూ కాలు బెణికిందనే పిల్ల.

ఎవరూ లేనప్పుడు లోపలికొచ్చి, మేజోడులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. ఆయాసానికి పీల్చే నీలం గొట్టం. మీద కాగితం ఎప్పుడో చెరిగిపోయింది.

"ఎన్నాళ్ళుగా ఉందే ఇది నీ మేజోట్లో?" అంది సైరకాన్.

"రెండేళ్ళు. ఎవరికీ చెప్పద్దంది మా అవ్వ. చెబితే ఆడనివ్వరంది." పిల్ల గొట్టాన్ని ముందుకు తోసింది. "నేను కూడా పరుగెత్తొచ్చా అక్కా?"

సైరకాన్ గొట్టం తిప్పి తారీఖు కోసం వెతికింది. తర్వాత లేచి కోటు అందుకుంది.

"ముందు మీ అవ్వ దగ్గరికి, ఆమెని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి. ఇప్పుడే. ఈ పీరియడులోనే. తలాయ్! దీని పాదం కూడా కొలువు, మేం వచ్చేలోగా బూట్లు వెతికిపెట్టు!"